వాన నీరు అంటని గాజు

వర్షాకాలంలో, అందులోనూ రాత్రివేళ, మోటారు వాహనం నడపడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికే తెలుసు. ముందు అద్దంపై పడిన చినుకులు ఒకదానితో ఒకటి కలిసి వంకరటింకర చారలుగా జారుతాయి. ఎదురుగా వచ్చే లారీ దీపాల వెలుగు ఆ చారలలో పడి చెదిరిపోతుంది. రోడ్డు అంచు ఎక్కడ ఉన్నదో, దారి దాటే మనిషి ఎక్కడ ఉన్నాడో కొద్దిసేపు తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్ల దూరం సాగిపోతుంది. రెండు సెకన్లపాటు చూపు మసకబారితే, 33 మీటర్ల దారిని డ్రైవరు చూడకుండానే దాటినట్లు లెక్క.

ఈ ఇబ్బందిని తొలగించడానికి మొదట వచ్చిన సాధనం వైపరు. అమెరికా దేశంలో మేరీ ఆండర్సన్ అనే మహిళ, వాహనం లోపలి నుంచి మీటతో కదిలించి అద్దాన్ని తుడిచే పరికరానికి 1903లో పేటెంటు పొందింది. నేటికీ అదే ప్రధాన సాధనం. అయితే వైపరు ఒకసారి తుడిచి మళ్ళీ వచ్చేలోగా అద్దంపై కొత్త చినుకులు పడుతూనే ఉంటాయి. అట్లా కాకుండా, గాజే నీటిని అంటనీయకుండా చేయవచ్చునా? అద్దానికి పూసే జలవికర్షక ద్రవాలు చిన్న సీసాలలో ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. అవి ఎట్లా పనిచేస్తాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న విషయాన్ని పరిశీలిద్దాం.

చినుకు చూపును ఎందుకు చెరుపుతుంది?

నీరూ పారదర్శకమే, గాజూ పారదర్శకమే. అయినప్పుడు తడిసిన అద్దం గుండా స్పష్టంగా ఎందుకు కనిపించదు? నీటి వక్రీభవన గుణకం 1.33; గాజుది సుమారు 1.52. అద్దంపై నీరు అంతటా ఒకే మందంలో, చదునైన పొరగా ఉన్నట్లయితే కాంతి కిరణం కొద్దిగా పక్కకు జరుగుతుందే తప్ప దాని దిశ మారదు. అప్పుడు దృశ్యం చెడదు. నిలిచిన చినుకు మాత్రం అట్లాంటిది కాదు. దాని ఒకవైపు చదును, మరొకవైపు ఉబ్బు. అంటే అది ఒక చిన్న కుంభాకార కటకం. అటువంటి వందలాది కటకాలు అద్దంపై చెల్లాచెదురుగా ఉంటే, ప్రతి ఒక్కటీ కాంతిని తనకు తోచిన దిక్కుకు వంచుతుంది.

కనుక మనకు ఆటంకం కలిగించేది నీరు కాదు, ఎగుడుదిగుడుగా ఉన్న నీరు. దీనికి రెండే మార్గాలు ఉన్నాయి. నీటిని పూర్తిగా చదునుగా పరచాలి. లేదా పూర్తిగా తొలగించాలి. ఈ రెండింటికీ మధ్య స్థితే ప్రమాదకరం. ఈ సంగతిని గుర్తుంచుకుంటే తరువాతి విషయాలన్నీ సులభంగా బోధపడతాయి.

తడవడం అంటే ఏమి?

తామరాకు మీద నీటిబొట్టు అనే మాట మనకు కొత్త కాదు. చామ ఆకు మీద కూడా నీరు ముత్యాలవలె దొర్లుతుంది. అదే నీరు కడిగిన గాజు పలకపై పడితే పరుచుకుంటుంది. నీరు ఒక్కటే అయినా దాని నడవడి ఆధారాన్ని బట్టి మారుతున్నది.

నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. దీనిని సంసంజనం అంటారు. అవి తాము తాకిన ఘనపదార్థపు అణువులను కూడా ఆకర్షిస్తాయి. దీనిని ఆసంజనం అంటారు. సంసంజనం వల్ల నీటి ఉపరితలం సాగదీసిన పొరవలె ప్రవర్తిస్తూ వీలైనంత తక్కువ వైశాల్యానికి కుంచించుకొనడానికి ప్రయత్నిస్తుంది. ఇదే తలతన్యత. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీటి తలతన్యత మీటరుకు సుమారు 73 మిల్లీన్యూటన్లు. ఆసంజనం గెలిస్తే బొట్టు పరుచుకుంటుంది. సంసంజనం గెలిస్తే గుండ్రంగా నిలుస్తుంది.

ఈ పోటీలో ఎవరిది పైచేయి అని కొలిచి చెప్పేది స్పర్శకోణం. బొట్టు అంచు ఘనతలాన్ని తాకినచోట, నీటి లోపలివైపు ఏర్పడే కోణమే ఇది. ప్రతి ద్రవానికీ, ప్రతి ఘనతలానికీ తగిన ఒక నియత కోణం ఉంటుందని 1805లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ ప్రతిపాదించాడు. పరిశుభ్రమైన గాజుపై నీటి స్పర్శకోణం దాదాపు సున్న. పారఫిన్ మైనంపై అది సుమారు 105 నుంచి 110 డిగ్రీలు. పాదరసం గాజును తడపదు. దాని స్పర్శకోణం కూడా 90 డిగ్రీలకు మించే ఉంటుంది.

నీటిని ఒక తలం నుంచి ఊడదీయడానికి కావలసిన శక్తిని తలతన్యత, స్పర్శకోణాల సహాయంతో లెక్క కట్టవచ్చు. స్పర్శకోణపు కొసైనుకు ఒకటి కలిపి, ఆ మొత్తాన్ని తలతన్యతతో గుణించాలి. కోణం సున్న అయితే కొసైను 1. కనుక చదరపు మీటరుకు 146 మిల్లీజౌళ్ళు కావాలి. కోణం 110 డిగ్రీలైతే కొసైను ఋణ 0.34, కనుక 48 మిల్లీజౌళ్ళు చాలు. అంటే పట్టు మూడవ వంతుకు తగ్గిపోయింది. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూసుకోవచ్చు.

గాజుకు నీటిపై మక్కువ

గాజు ప్రధానంగా సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల అల్లిక. లోపల ప్రతి సిలికాన్ పరమాణువూ నాలుగు ఆక్సిజన్లతో కలిసి ఉంటుంది. ఉపరితలం వద్ద ఈ అల్లిక తెగిపోతుంది. తెగిన కొసలకు గాలిలోని తేమ వల్ల హైడ్రాక్సిల్ సమూహాలు, అనగా ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ గల జంటలు చేరుతాయి. నీటి అణువులోనూ ఇటువంటి జంటే ఉన్నది. అందుచేత ఆ రెండింటి మధ్య హైడ్రోజన్ బంధాలు సులభంగా ఏర్పడతాయి. శుభ్రమైన గాజుపై నీరు పరుచుకొనడానికి ఇదే కారణం.

మరి కారు అద్దంపై చినుకులు పలచగా పరుచుకోక అక్కడక్కడ ఎందుకు నిలుస్తాయి? రోడ్డుపై తిరిగే వాహనపు అద్దం పరిశుభ్రంగా ఉండదు. డీజిలు పొగలోని జిడ్డు, దుమ్ము, చేతి మరకలు దానిపై మచ్చలు మచ్చలుగా పేరుకుంటాయి. జిడ్డున్న చోట నీరు ముడుచుకుంటుంది, లేనిచోట పరుచుకుంటుంది. ఇంతకుముందు చెప్పుకున్న ప్రమాదకరమైన మధ్య స్థితి ఇదే.

ఒక్క అణువు మందం గల పొర

గాజు స్వభావాన్ని మార్చడానికి గాజునంతటినీ మార్చవలసిన పని లేదు. నీరు తాకేది అన్నిటికన్నా పైనున్న అణువులను మాత్రమే. వాటిని కప్పివేస్తే చాలు.

ఈ మార్గాన్ని చూపినవారిలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలకు చెందిన విన్‌టన్ పాట్నోడ్ ముఖ్యుడు. మిథైల్ క్లోరోసిలేన్లు అనే పదార్థాల ఆవిరి సోకిన వస్తువులు నీటిని అంటనీయవని ఆయన కనుగొన్నాడు. ఈ పద్ధతికి 1942లో పేటెంటు లభించింది. ఈ అణువులో ఒక సిలికాన్ పరమాణువు, దానికి అంటి క్లోరిన్లు, మిథైల్ సమూహాలు ఉంటాయి. గాజు ఉపరితలంపైని హైడ్రాక్సిల్ సమూహంతోను, అక్కడి తేమతోను క్లోరిన్ భాగం చర్య జరిపి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా విడిపోతుంది. సిలికాన్ ఆక్సిజన్ ద్వారా గాజుకు గట్టిగా అతుక్కుంటుంది. మిథైల్ సమూహాలు బయటికి తిరిగి నిలబడతాయి. మైనంవలె వీటికి కూడా నీటితో పొత్తు కుదరదు. ఆ విధంగా గాజు పైభాగమంతా మైనపు స్వభావం పొందుతుంది.

ఈ పొర మందం ఎంత? ఒకటి రెండు నానోమీటర్లు. అంటే మీటరులో వంద కోట్లవ వంతులు ఒకటి రెండు. మనిషి వెంట్రుక మందం పదివేల నానోమీటర్లకు ఎన్నో రెట్లు. ఒక చదరపు మీటరు అద్దంపై 2 నానోమీటర్ల మందాన పొర వేయాలంటే కావలసిన పదార్థం 2 ఘన మిల్లీమీటర్లు మాత్రమే. నీటిచుక్క ఒకటి సుమారు 50 ఘన మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే ఒక్క చుక్క పరిమాణం గల పదార్థం, వృథా కానట్లయితే, ఇరవై అయిదు అద్దాలకు సరిపోవాలి! సీసాలో ఉండేది చాలావరకు ఆల్కహాలు వంటి ద్రావణే. పదార్థాన్ని అద్దమంతటా పరచి, తాను ఆవిరైపోవడమే దాని పని.

విమానం నుంచి కారుకు

విమానాలకు ఈ అవసరం మరీ ఎక్కువ. దిగే సమయంలో భారీ వర్షం కురిస్తే పైలటుకు రన్‌వే కనబడాలి. అనేక బోయింగ్ జెట్ విమానాలలో, మీట నొక్కగానే ముందు అద్దంపై జలవికర్షక ద్రవం చిమ్మే ఏర్పాటు ఉండేది. ఆ ద్రవంలో సీఎఫ్‌సీ-113 అనే పదార్థం ఉండేది. ఇది వాతావరణంలో పైకి చేరి ఓజోను పొరను దెబ్బతీస్తుందని తేలింది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని అనుసరించి 1996 నుంచి సంపన్న దేశాలలో ఇటువంటి పదార్థాల ఉత్పత్తి ఆగిపోయింది. దానితో ఆ ద్రవం స్థానంలో అద్దానికే శాశ్వతంగా అంటి ఉండే జలవికర్షక పొర వాడుకలోకి వచ్చింది.

కార్ల విషయానికి వస్తే, సిలికోను నూనె వంటి పదార్థాన్ని ఆల్కహాలులో ఆమ్లంతో కలిపి గాజుకు పూసే పద్ధతికి హోవర్డ్ ఓల్సన్ 1971లో పేటెంటు పొందాడు. రెయిన్-ఎక్స్ అనే పేరుతో అమ్మే ద్రవం ఈ వర్గానికి చెందినదే. ఆ తరువాత ఫ్లోరిన్ గల సిలేన్లు వచ్చాయి. వీటిలో కార్బన్ గొలుసుకు హైడ్రోజన్లకు బదులు ఫ్లోరిన్లు ఉంటాయి. ఇవి నీటినే కాక నూనెను కూడా అంటనీయవు; ఎక్కువకాలం మన్నుతాయి. అయితే ఫ్లోరిన్ గొలుసులు ప్రకృతిలో సులభంగా విచ్ఛిన్నం కావు. ఈ విశాల వర్గానికి చెందిన పీఎఫ్ఓఏ అనే ఆమ్లాన్ని 2019లో స్టాక్‌హోం ఒప్పందం కింద నిర్మూలించవలసిన పదార్థాల జాబితాలో చేర్చారు. ఓజోను కథ చెప్పిన పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది: ఒక పదార్థం అద్దంపై ఏమి చేస్తుందన్నదే కాక, అద్దాన్ని వదిలిన తరువాత ఏమవుతుందని కూడా విచారించాలి.

గాలి చేసే సహాయం

పొర పూసిన అద్దంపై పడిన చినుకు దానంతట అది మాయం కాదు. ఉండగా మారి, అంటీ అంటనట్లు నిలుస్తుంది. దానిని తరిమేది గాలి. గాలి తోపుడు వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం 30 నుంచి 60 కిలోమీటర్లకు పెరిగితే తోపుడు నాలుగు రెట్లవుతుంది. గాలి తోపుడు బొట్టు ముఖ వైశాల్యాన్ని బట్టి, అద్దం పట్టు బొట్టు వెడల్పును బట్టి ఉంటాయి. కనుక పెద్ద బొట్లు ముందుగా కదులుతాయి. దారిలోని చిన్న వాటిని కలుపుకొని అద్దం పైఅంచు దాటి పోతాయి.

దీని ఫలితం ఏమి? వేగంగా పోయే వాహనానికి ఈ పొర ఎంతో ఉపకరిస్తుంది. 1997లో మిషిగన్ విశ్వవిద్యాలయపు రవాణా పరిశోధన సంస్థ జరిపిన పరీక్షలలో, ఇటువంటి పొర ఉన్నప్పుడు వర్షంలో డ్రైవర్ల దృష్టి స్పష్టత సుమారు మూడవ వంతు మెరుగుపడింది. కాని పట్టణపు రద్దీలో నెమ్మదిగా సాగే వాహనంపై గాలి బలం చాలదు. చిన్న బొట్లు, తుంపర అద్దంపైనే నిలిచి, ఎదుటి దీపాల కాంతిని చెదరగొడతాయి. అప్పుడు వైపరు వేయక తప్పదు. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు వైపరును తప్పనిసరి చేశాయి. పొర వైపరుకు తోడు మాత్రమే, బదులు కాదు.

తామరాకువంటి అద్దం చేయరాదా?

నున్నని తలాన్ని ఏ పదార్థంతో పూసినా నీటి స్పర్శకోణం సుమారు 120 డిగ్రీలకు మించదు. తామరాకుపై అది 150 డిగ్రీలు దాటుతుంది. ఇందులోని కిటుకును జర్మనీకి చెందిన బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1997లో వివరించారు. ఆకుపై కంటికి కనిపించని బొడిపెలు, వాటిపై మైనపు నలుసులు ఉంటాయి. బొట్టు ఆ కొనలపై నిలుస్తుంది. దాని కింద చాలాభాగం గాలే. అద్దాన్ని కూడా అట్లా చేస్తే మంచిదే కదా అనిపించవచ్చు. కాని గరుకుదనం కాంతిని పరిక్షేపణం చేసి అద్దాన్ని మసకబారుస్తుంది. పైగా వైపరు రాపిడికి ఆ సున్నితమైన బొడిపెలు నిలవవు. అద్దానికి కావలసినది నీటిని వదిలే గుణం ఒక్కటే కాదు. పారదర్శకత, గట్టిదనం కూడా కావాలి.

రెండవ మార్గం

నీటిని చదునుగా పరచే రెండవ మార్గాన్ని కూడా మరువరాదు. వైపరు చెడిపోయినప్పుడు కొందరు డ్రైవర్లు అద్దంపై సబ్బు గాని, కోసిన ఆలుగడ్డ ముక్క గాని రుద్దడం వింటుంటాము. అవి చేసేది జలవికర్షకం చేసే పనికి సరిగ్గా వ్యతిరేకం. నీరు విడివిడి బొట్లుగా నిలవక పలుచని పొరగా పరుచుకుంటుంది. వర్షం కొద్దిసేపటిలోనే ఆ పూతను కడిగివేస్తుంది కనుక దానిపై ఆధారపడరాదు. టైటానియం డయాక్సైడు పొరపై అతినీలలోహిత కాంతి పడితే నీరు చదునుగా పరుచుకుంటుందని జపాను శాస్త్రజ్ఞులు 1997లో ప్రకటించారు. వైపరు లేని పక్క అద్దాలకు ఈ గుణం పనికివస్తుంది.

వాన వేళ అద్దం లోపలివైపు పట్టే మసకకు కూడా ఈ మార్గమే సరైనది. ఆ మసక మన శ్వాసలోని ఆవిరి చల్లని గాజుపై సన్నని బిందువులుగా ద్రవించడం వల్ల కలుగుతుంది. లోపల గాలి వీచదు కనుక జలవికర్షకం పూస్తే ఆ బిందువులు మరింత గుండ్రంగా నిలుస్తాయే కాని పోవు. లోపలివైపుకు ఆవిరి పట్టకుండా చేసే వేరే ద్రవం గాని, పొడిగాలి వీచే ఏర్పాటు గాని కావాలి.

పూసేటప్పుడు గమనించవలసినవి

గాజుకు, పొరకు మధ్య జిడ్డు ఉంటే అణువులు గాజుకు అతుకవు. కనుక అద్దాన్ని ముందుగా బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఎండలో కాగిన అద్దంపై ద్రావణి పరుచుకొనకముందే ఆవిరైపోతుంది. నీడలో పూయడం మంచిది. మిగిలిపోయిన పదార్థాన్ని మెత్తని గుడ్డతో తుడవకపోతే పాలిపోయిన పొర మిగిలి, రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. కొన్ని ద్రవాలలో మండే ఆల్కహాలు, ఆమ్లం ఉంటాయి కాబట్టి నిప్పుకు, కంటికి దూరంగా ఉంచి, సీసాపై ముద్రించిన సూచనలను పాటించాలి. మామూలు మైనం అద్దానికి పూయరాదు. వైపరు దానిని పులిమి చూపును చెడగొడుతుంది.

ఏ పొరా కలకాలం ఉండదు. నిమిషానికి 45 సార్లు తిరిగే వైపరు గంటలో 2,700 సార్లు అద్దాన్ని రాస్తుంది. దుమ్ము, ఎండ, క్షారగుణం గల సబ్బునీరు కూడా పొరను అరగదీస్తాయి. మామూలు సిలికోను పూత కొన్ని వారాలు, ఫ్లోరిన్ గల పూత కొన్ని నెలలు పనిచేస్తుంది. పొర అక్కడక్కడ అరిగితే అద్దం మళ్ళీ మచ్చలు మచ్చలుగా తడుస్తుంది. వైపరు అదరడం కూడా జరగవచ్చు. అప్పుడు మిగిలినదానిని శుభ్రం చేసి తిరిగి పూయాలి. వైపరు రబ్బరు అరిగితే దానిని మార్చడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని.

తరగతిలో చేయదగిన ప్రయోగం

అంచులకు కాగితం అంటించిన రెండు గాజు పలకలు తీసుకొనండి. రెండింటినీ సబ్బుతో కడిగి, సబ్బు మిగలకుండా నీటితో మళ్ళీ మళ్ళీ కడిగి ఆరబెట్టండి. ఒకదానిపై కొవ్వొత్తి రుద్ది, గుడ్డతో పలుచగా మెరుగుపెట్టండి. రెండింటిపైనా డ్రాపరుతో ఒక్కొక్క చుక్క నీరు వేయండి. పక్కనుంచి టార్చి వెలుగు ప్రసరింపజేసి, బొట్టు నీడను తెల్లకాగితంపై పట్టి, అంచు వద్ద కోణాన్ని కోణమానినితో కొలవండి.

తరువాత మైనపు పలకపై పెద్దవి, చిన్నవి అయిన బొట్లను వేసి, గొట్టంతో ఒకే బలంతో ఊదండి. ఏవి ముందు కదిలాయి? అచ్చు కాగితంపై పలకలను ఉంచి, నీటి పొర గుండా, బొట్ల గుండా అక్షరాలను చూడండి. ఏ పలకలో అక్షరాలు వంకరపోయాయి? చివరకు సబ్బునీటిలో ముంచిన పుల్లను మైనంపైని బొట్టుకు తాకించండి. బొట్టు చదునవుతుంది, సబ్బు నీటి తలతన్యతను తగ్గించడమే ఇందుకు కారణం.

ఈ నాలుగు పరిశీలనలలో పైన చెప్పిన విషయమంతా ఇమిడి ఉన్నది. గాజు తడవడం, తడవకపోవడం దాని పైనున్న ఒక్క అణువుల పొరపై ఆధారపడుతుంది. ఆ పొరను మార్చడం రసాయనశాస్త్రం చేయగలదు. బొట్టును తరమడం గాలి చేస్తుంది. గాలి చాలనప్పుడు వైపరు, అదీ చాలనంత జోరువాన అయినప్పుడు వేగం తగ్గించి, దారి పక్కన సురక్షితమైన చోట ఆగే వివేకం కావాలి. వాటి పనిని ఏ సీసాలోని ద్రవమూ చేయజాలదు.